పరలోకం గూర్చి ప్రశ్నలడిగితే మతం వీగిపోతుందా?



సెలవులకు ఇంటికొచ్చిన కొడుకో కూతురో రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేస్తారు. "అమ్మా, మోక్షంలో నాయనమ్మ ముసలమ్మగానే ఉంటుందా, వయసులో ఉన్నట్టు ఉంటుందా?" అందరూ నవ్వుతారు. రెండో ప్రశ్న వస్తుంది. "ఎల్లకాలం పాటలు పాడుతూ కూర్చుంటే అక్కడ విసుగు పుట్టదా?" ఇంకా నవ్వుతూనే ఉంటారు. మూడోది వస్తుంది. "నువ్వు మోక్షానికి వెళ్ళి నేను నరకానికి పోతే, నువ్వక్కడ సంతోషంగా ఎలా ఉంటావమ్మా?" అక్కడ నవ్వు ఆగిపోతుంది.

తల్లి ఒక జవాబు చెబుతుంది. తండ్రి ఇంకొకటి చెబుతాడు. మరునాడు ఉపదేశిగారిని అడిగితే ఆయన మూడో జవాబు చెబుతారు. "చూశారా, మీలో మీకే పొసగడం లేదు. ఇదంతా మనుషులు అల్లుకున్నదే" అని పిల్లవాడు తేల్చేస్తాడు. తండ్రికి కోపం వస్తుంది. నాలుగు అక్షరాలు రాగానే దేవుణ్ణే పరీక్షిస్తావా అని కసురుతాడు. పిల్లవాడు మళ్ళీ అడగడు. అడగడం మానేసిన కొన్నాళ్ళకు ఆదివారం పూజకు రావడం కూడా మానేస్తాడు. ఇలాంటి ఇళ్ళు మీ విచారణలోనూ ఉండే ఉంటాయి.

మన తెలుగునాట ఈ ప్రశ్నలు కొత్తవి కావు. గోరాగారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ప్రారంభించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు వచ్చింది. అదే ఊళ్ళో 1937 నుంచి మన మేత్రాసనం కూడా ఉంది. అంటే నమ్మినవారూ నమ్మనివారూ ఒకే ఊళ్ళో ఇరుగుపొరుగుగా ఇన్నేళ్ళు గడిపారు. కాబట్టి ప్రశ్న వినగానే ఉలిక్కిపడవలసిన పనిలేదు. అయితే ఒక సంగతి మాత్రం నిదానంగా ఆలోచించాలి. చనిపోయిన తరువాత ఏమిటని విశ్వాసులను నిలబెట్టి అడిగితే, వారు తడబడితే, ఒకరు చెప్పినదానికి మరొకరు చెప్పినది పొసగకపోతే, దానితో మతం అబద్ధమని రుజువైపోతుందా? ఈ వారం పాఠం దీని గురించే.

సద్దూకయ్యుల ప్రశ్న

ఈ పరీక్షకు అందరికంటే ముందు నిలబడినవారు మన ప్రభువే. సిలువ మరణానికి కొద్ది రోజుల ముందు యెరూషలేము దేవాలయంలో ఇది జరిగింది. మత్తయి 22, మార్కు 12, లూకా 20 అధ్యాయాలలో ఈ సంఘటన ఉంది. వీలైతే పవిత్ర గ్రంథం తెరచి, ఒకసారి చదివి, తరువాత ఈ పాఠానికి రండి.

అడిగినవారు సద్దూకయ్యులు. ప్రధాన యాజకుల కుటుంబాలతో సంబంధం ఉన్నవారు, దేవాలయ వ్యవహారాలలో పలుకుబడి గలవారు. మోషే ధర్మశాస్త్రానికే పెద్దపీట వేసేవారు. మృతుల పునరుత్థానం లేదని, దేవదూతలూ ఆత్మలూ లేవని వారి వాదన అని అపోస్తలుల కార్యాలు 23వ అధ్యాయం చెబుతోంది. గమనించండి, వీరు నాస్తికులు కారు. దేవుణ్ణి నమ్మినవారే. పరలోకం గూర్చిన ప్రశ్నలన్నీ దేవుడు లేడనేవారే వేస్తారని మనం అనుకుంటాం కానీ, మొట్టమొదటి గట్టి ప్రశ్న గుడిలోనుంచే వచ్చింది.

ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో ఒక నియమం ఉంది. అన్న సంతానం లేకుండా చనిపోతే తమ్ముడు వదినను పెళ్ళాడి అన్న పేరు నిలపాలి. దీన్ని పట్టుకొని వారు ఒక కథ అల్లారు. ఏడుగురు అన్నదమ్ములు. పెద్దవాడు పెళ్ళి చేసుకొని బిడ్డలు లేకుండా చనిపోయాడు. రెండోవాడు ఆమెనే చేసుకొని చనిపోయాడు. అలా ఏడుగురూ పోయారు. చివరికి ఆమె కూడా పోయింది. మరి పునరుత్థానంలో ఆమె ఎవరి భార్య అవుతుంది?

ఈ ప్రశ్న ఎంత తెలివిగా అమర్చారో చూడండి. ఏడుగురి భార్య అంటే ధర్మశాస్త్రం ఒప్పదు. ఒక్కరి భార్య అంటే మిగిలిన ఆరుగురూ చేసిన తప్పేమిటి? ఎవరి భార్యా కాదంటే మోషే మాట ప్రకారం జరిగిన పెళ్ళిళ్ళు ఏమైనట్టు? ఎటు కదిలినా ఉచ్చు బిగుస్తుంది. అప్పుడు, పునరుత్థానం ఉందని నమ్మితే ఇంత అసంబద్ధం వస్తోంది గనుక పునరుత్థానమే లేదని తేల్చవచ్చు. తర్కంలో ఇది మంచి పద్ధతే. మన పిల్లలు అడిగేదీ ఈ అచ్చులో పోసినదే.

ప్రభువు కోపగించుకోలేదు. ఇలాంటివి అడగకూడదనీ అనలేదు. మీరు రెండు విషయాలలో పొరపడ్డారన్నారు. లేఖనాలు మీకు తెలియవు, దేవుని శక్తి మీకు తెలియదు. దేవుని శక్తి తెలియదని ఎందుకన్నారంటే, లేచిన తరువాతి జీవితం ఈ జీవితానికే అతుకు వేసి పొడిగించినది అని వారు ముందే అనుకున్నారు. అక్కడ పెళ్ళి చేసుకోవడం, పెళ్ళికివ్వడం ఉండవని ప్రభువు చెప్పారు. ఉచ్చు అంతా ఆ ఒక్క ముడి మీదే ఉంది. ముడి ఊడగానే ఉచ్చు జారిపోయింది. ఇక లేఖనాల సంగతి. వారు ఒప్పుకునే గ్రంథంలోనుంచే, నిర్గమకాండం 3వ అధ్యాయంలోని పొద దగ్గరి మాట ఎత్తి చూపారు. అబ్రహాము, ఈసాకు, యాకోబు చనిపోయి ఎంతో కాలమైన తరువాత కూడా దేవుడు మోషేతో తనను వారి దేవుడిగానే చెప్పుకున్నాడు. లేకుండా పోయినవారితో దేవుడు బంధం చెప్పుకుంటాడా?

ఒకటి గమనించారా? మోక్షం ఎలా ఉంటుందో ప్రభువు వర్ణించలేదు. వయసు చెప్పలేదు, ఇళ్ళు చెప్పలేదు, వాకిళ్ళు చెప్పలేదు. అడిగినవారి మనసులోని బొమ్మను పక్కకు తీసి, దేవుడు ఎవరు అనే చోటికి మాటను తీసుకువెళ్ళారు.

(ఆ కథలోని స్త్రీ సంగతి ఎవరికీ పట్టలేదు. ఏడుసార్లు విధవ అయిన మనిషి వారికి లెక్కలో ఒక అంకె మాత్రమే. వాదన కోసం అల్లిన కథే అయినా, ప్రభువు జవాబు విన్న తరువాత ఆమె ఎవరి సొత్తూ కాకుండా పోయింది. భర్తను పోగొట్టుకున్న తల్లులు కొందరు ఈ వాక్యం విని బెంగపడతారు. పెళ్ళి అనే ఏర్పాటు అక్కడ ఉండదన్నారు కానీ, ప్రేమ తెగిపోతుందని ప్రభువు అనలేదు. ప్రేమకు అంతం లేదనే పునీత పౌలు బోధించాడు.)

కువైట్ నుంచి వచ్చిన ఉత్తరం

ఫోన్లు లేని వెనుకటి రోజుల్లో ఒక కుర్రవాడు పనికోసం కువైట్ వెళ్ళాడనుకోండి. కొన్నాళ్ళకు తల్లిదండ్రులకు ఉత్తరం వచ్చింది. ఇక్కడ ఇల్లు చూశాను, మిమ్మల్నిద్దరినీ పిలిపించుకుంటాను అని అందులో ఉంది. ఊళ్ళో ఒక తెలివిగలాయన తల్లిని పిలిచి అడుగుతాడు. ఆ ఇంటికి గదులెన్ని? వాకిలి ఎటువైపు? నీళ్ళు బావివా, పంపువా? ఆమె ఎరిగిన ఇల్లు తన ఊరి ఇల్లే గనుక, తూర్పు వాకిలి పెంకుటిల్లు అంటుంది. తండ్రిని అడిగితే రెండంతస్తుల డాబా అంటాడు. "ఇద్దరూ రెండు మాటలు చెప్పారు గనుక కొడుకూ లేడు, కువైటూ లేదు" అని ఆ పెద్దమనిషి రచ్చబండ దగ్గర తీర్పు చెబితే మనం ఒప్పుకుంటామా?

అతని ప్రశ్నలతో తేలింది ఒక్కటే. ఆ ముసలివాళ్ళు ఆ ఇల్లు చూడలేదు. అది వారు మొదటే ఒప్పుకున్నారు. ఉత్తరం దొంగదని తేల్చాలంటే తల్లి ఊహను కాదు, ఉత్తరాన్ని పరీక్షించాలి. దస్తూరి ఎవరిది? తపాలా ముద్ర ఎక్కడిది? తెచ్చిందెవరు? ఆ కొడుకు ఇదివరకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాడేనా?

అయితే అడిగేవారికి మనం ఇవ్వవలసిన న్యాయం కూడా ఇవ్వాలి. ఉత్తరంలోనే ఒకచోట నాకింకా పెళ్ళి కాలేదని, మరోచోట నా భార్య మీకు నమస్కారాలు చెప్పమందని ఉంటే? అప్పుడు అనుమానించడం సబబే. అలాగే శ్రీసభ బోధించేదానిలోనే ఒక మాట మరో మాటను కొట్టివేస్తున్నట్టు ఎవరైనా చూపిస్తే, "అది దైవ మర్మం, నోరు మూసుకో" అనడం జవాబు కాదు. విశ్వాసానికీ బుద్ధికీ నిజమైన విరోధం ఉండజాలదని 1870లో మొదటి వాటికన్ మహాసభ ప్రకటించింది. రెండింటినీ ఇచ్చినది ఒకే దేవుడు గనుక. మర్మం అంటే మన బుద్ధికి పూర్తిగా చిక్కనిది, బుద్ధికి అడ్డం తిరిగేది కాదు. మనవారు కొందరు ఆ మాటను తలుపు గడియలాగా వాడుతున్నారు. అది తప్పు.

మరి నాస్తికుడు అసలు అనేదేమిటి? "ఉత్తరం రాలేదు, తల్లిదండ్రులే ఆశకొద్దీ రాసుకున్నారు" అంటాడు. చావంటే భయం గనుక మనుషులు పరలోకాన్ని అల్లుకున్నారని అతని వాదం. ఇది పట్టించుకోవలసిన మాట. దీనికి పాత నిబంధన చరిత్రే కొంత సమాధానం చెబుతుంది. ఇశ్రాయేలు ప్రజలు ఎన్నో వందల ఏళ్ళు దేవుణ్ణి సేవించారు, ఆయనతో నిబంధన చేసుకున్నారు, ఆయన కోసం కష్టాలు పడ్డారు. కానీ ఆ రోజులలో మోక్షం గూర్చి వారికి స్పష్టమైన ఆశ లేదు. చచ్చినవారు నీడలలాగా పాతాళలోకానికి దిగిపోతారని మాత్రమే అనుకునేవారు. మృతులు లేస్తారన్న మాట దానియేలు 12వ అధ్యాయంలో, 2 మక్కబీయులు 7వ అధ్యాయంలో స్పష్టంగా వినబడుతుంది. ఈ రెండో గ్రంథం మన కతోలిక పవిత్ర గ్రంథంలో ఉంది. అక్కడ కూడా ఏడుగురు అన్నదమ్ములే ఉన్నారు. తల్లి కళ్ళ ఎదుట ఒకరి తరువాత ఒకరు హింసలో చనిపోతూ, దేవుడు తమను తిరిగి లేపుతాడని చెప్పారు. అంటే పరలోకం మీది ఆశనుంచి దేవుడు పుట్టలేదు. దేవుణ్ణి ఎరిగిన తరువాతనే, ఆయన నమ్మకస్థుడని చూసిన తరువాతనే, ఆ ఆశ పుట్టింది.

దీన్నిబట్టి ఉత్తరం నిజమైనదని రుజువైపోదు. ఆ సంగతీ చెప్పాలి. ఉత్తరాన్ని ఎక్కడ పరీక్షించాలో పునీత పౌలు తానే చూపించాడు. కొరింతీయులకు క్రీ.శ. 55 ప్రాంతంలో వ్రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయం తీసి చూడండి. క్రీస్తు లేవకపోతే మా బోధ వట్టిది, మీ విశ్వాసం వట్టిది, మేము దేవుని పేరిట అబద్ధసాక్ష్యం చెప్పినవారమవుతాం, మాకంటే దౌర్భాగ్యులు లేరు అనే భావం అక్కడ ఉంది. మతాన్ని పడగొట్టాలనుకునేవారికి ఏ స్తంభం కొట్టాలో ఇంత స్పష్టంగా చెప్పిన మతబోధకుడు అరుదు. పైగా సాక్షుల పేర్లు కూడా ఇచ్చాడు. పేతురు, పన్నెండుమంది, యాకోబు, చివరకు తాను. అయిదు వందల మందికి పైగా ఒకేసారి చూశారని, వారిలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారని వ్రాశాడు. అనుమానం ఉన్నవారు వెళ్ళి అడగవచ్చునన్నట్టు.

కనుక మీ అబ్బాయి నిజంగా తేల్చుకోవాలనుకుంటే, నాయనమ్మ వయసు దగ్గర ఆగిపోనివ్వకండి. సమాధి ఖాళీ అయిందా లేదా? ఆ సాక్షులు అబద్ధమాడారా, భ్రమపడ్డారా, నిజం చెప్పారా? అక్కడికి రమ్మనండి. అక్కడ మతం నిలుస్తుంది లేదా పడుతుంది. ఆ వాదం పెద్దది, మరో పాఠానికి ఉంచుదాం.

లేచేది ఏ శరీరం?

అదే 15వ అధ్యాయంలో, 35వ వచనం దగ్గర, కొరింతులో ఎవరో అడిగిన ప్రశ్న ఉంది. మృతులు ఎలా లేస్తారు, ఎలాంటి శరీరంతో వస్తారు? పౌలు విత్తనం పోలిక చెప్పాడు. నాటిన గింజ వేరు, మొలిచిన పైరు వేరు, అయినా దానిలోనుంచి వచ్చినదే ఇది. అంతకుమించి వర్ణించలేదు.

ఈ ప్రశ్నను మాటలతో కాక చేతలతో అడిగినవారు కూడా ఉన్నారు. క్రీ.శ. 177లో ఇప్పటి ఫ్రాన్సు దేశంలోని లియోను నగరంలో క్రైస్తవులను చంపారు. తొంభై ఏళ్ళు దాటిన మేత్రాణులు పోతీను, బ్లందీనా అనే బానిస స్త్రీ వారిలో ఉన్నారు. చంపినవారు అక్కడితో ఆగలేదు. శవాలను ఆరు రోజులు బయట పడవేసి, కాల్చి, బూడిదను రోను నదిలో ఊడ్చివేశారు. పాతిపెడితే లేస్తారని గదా వీరి నమ్మకం, ఇప్పుడు ఎలా లేస్తారో చూద్దాం అని. బ్రతికి ఉన్న క్రైస్తవులు ఆ సంగతిని లేఖగా వ్రాసి దూర దేశపు సంఘాలకు పంపారు. యుసేబియుసు తన శ్రీసభ చరిత్రలో దాన్ని భద్రపరిచాడు. బూడిద నదిలో కలిసిందని వ్రాసినవారు విశ్వాసం మాత్రం వదులుకోలేదు. దేవుడు శూన్యంలోనుంచి లోకాన్ని చేశాడని నమ్మినవారికి నదిలోని బూడిద పెద్ద అడ్డంకిగా తోచలేదు.

పునీత అగుస్తీను కాలానికి ఈ ప్రశ్నలు ఒక జాబితాగా పెరిగాయి. జీవితమంతా కత్తిరించుకున్న గోళ్ళూ జుట్టూ తిరిగి వస్తాయా? పసిబిడ్డ పసిబిడ్డగానే లేస్తాడా? కరవులో మనిషిని మనిషి తింటే ఆ మాంసం ఎవరిది? దేవుని నగరం అనే తన గ్రంథం 22వ భాగంలో ఆయన వీటన్నింటినీ ఓపికగా తీసుకొని జవాబులు వెదికాడు. కొన్ని జవాబులు నేడు మనకు వింతగా కనబడతాయి. అయినా ఇలాంటివి అడిగితే పాపమని ఆయన అనలేదు. 13వ శతాబ్దంలో పునీత తోమా అక్వినాసు ఇంకొంచెం లోతుకు వెళ్ళాడు. బ్రతికి ఉండగానే మన శరీరంలోని పదార్థం తిండితో వస్తూ పోతూ ఉంటుంది. కట్టెలు మారుతున్నా మంట అదే అయినట్టు మనిషి అదే మనిషి. మరి చివరి రోజున ప్రతి రేణువూ వెదికి ఏరవలసిన అవసరమేమిటి? ఇది తోమాగారి వాదనకు సారాంశం.

19వ శతాబ్దంలో ఐరోపాలో మతవ్యతిరేకులు కొందరు పునరుత్థానాన్ని ఎగతాళి చేయడానికే దహనాన్ని ప్రచారం చేశారు. అందుకని 1886లో శ్రీసభ దహనాన్ని నిషేధించింది. ఆ పోరు చల్లారిన తరువాత 1963లో అనుమతించింది. శరీరం కాలినంత మాత్రాన ఆత్మకు ఏమీ కాదనీ, దేవుని శక్తికి అడ్డు రాదనీ చెప్పింది. సమాధి చేయడమే మేలన్న మాట మాత్రం వదలలేదు. 2016లో వచ్చిన సూచనలో కూడా అస్థికలను వెదజల్లకుండా పవిత్ర స్థలంలో ఉంచాలని చెప్పింది.

ఇవన్నీ ఎక్కడో దూరపు సంగతులనుకోకండి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. పదివేల మందికి పైగా చనిపోయారు. ఎందరినో సముద్రం తీసుకుపోయింది. దొరికినవారిలో చాలామందిని ఎవరో తెలియకుండానే కలిపి పూడ్చారు, కలిపి కాల్చారు. నవంబరు 2న సమాధుల పండుగకు అందరూ పూలూ కొవ్వొత్తులూ పట్టుకొని బయలుదేరితే, కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలో తెలియని కుటుంబాలు ఆ తీరాన మిగిలాయి. శరీరం దొరకనివాడు ఎలా లేస్తాడని అలాంటి తల్లి అడిగితే అది వాదన కాదు. ఆమెకు కొరింతు జవాబూ లియోను జవాబూ రెండూ చెప్పవచ్చు. ఎలా అన్నది మన ఊహకూ తెలివికీ మించినదని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1000వ సంఖ్యలో ఒప్పుకుంటుంది. ఎలాగో తెలియదని ఒప్పుకుంటూనే ఎవరు లేపుతారో చెబుతుంది.

గోడమీది బొమ్మలు

శ్రీసభ పరలోకం గూర్చి విధిగా నమ్మమన్నది చాలా కొద్ది. మరణంలో తీర్పు, మోక్షం, ఉత్తరించు స్థలంలో శుద్ధి, నరకం, చివరి రోజున శరీరంతో లేవడం, నిత్యజీవం. మిగిలినవి చాలావరకు బొమ్మలు. మేఘాలు, వీణలు, బంగారు వీధులు, కాగే నూనె కొప్పెరలు. వీటిలో కొన్ని పవిత్ర గ్రంథంలోని పోలికలు, కొన్ని చిత్రకారులు గీసినవి, కొన్ని మన అమ్మమ్మలు భయపెట్టడానికి చెప్పినవి. ఉత్తరించు స్థలం గూర్చి ప్రజలకు చేసే ప్రసంగాలలో చిక్కు ప్రశ్నలూ, వట్టి కుతూహలం రేపేవీ, డబ్బు గుంజేవీ ఉండరాదని 1563లోనే త్రెంతు మహాసభ మేత్రాణులను హెచ్చరించింది. ఈ రోజుల్లో మోక్షానికి వెళ్ళివచ్చామని చెప్పి సభలు పెట్టేవారిని నిలదీసి ప్రశ్నలడిగితే అది విశ్వాసానికి సేవే అంటాను.

విసుగు పుట్టదా అన్న ప్రశ్న కూడా బొమ్మ మీదే నిలబడింది. అంతులేని ఆదివారం మధ్యాహ్నంలాగా నిత్యత్వాన్ని ఊహించుకుంటే ఎవరికైనా విసుగే. 1999 జూలైలో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు, మోక్షం మేఘాలలోని ఒక స్థలం కాదు, త్రిత్వ దేవునితో సజీవమైన బంధం అని వివరించారు. 2007లో పదహారవ బెనెడిక్ట్ పోపుగారు నిరీక్షణపై వ్రాసిన విశ్వలేఖలో, ఇలాంటి జీవితం ఎల్లకాలం సాగడం ఎవరికి కావాలి అన్న ప్రశ్నను తానే ఎత్తుకున్నారు. నిత్యజీవం అంటే క్యాలెండరులో తేదీలు ఆగకుండా దొర్లడం కాదన్నారు. మీ అమ్మాయి అడిగిందీ పోపుగారు అడిగిందీ ఒకే ప్రశ్న.

అన్నీ ఇంత తేలికగా తేలవు. తల్లి మోక్షంలో, కొడుకు నరకంలో అన్న ప్రశ్నకు వినబడే జవాబులలో చాలావరకు అడిగిన తల్లిని గాయపరిచేవే. "అక్కడికి వెళ్ళాక నువ్వు వాణ్ణి మరిచిపోతావు" అంటారు. కన్నబిడ్డను మరిపించే మోక్షం ఏ తల్లికి కావాలి? నాకు తెలిసి చెప్పదగినది ఇంతే. నరకం ఉందనీ, దేవుణ్ణి చివరిదాకా కాదనే స్వేచ్ఛ మనిషికి ఉందనీ శ్రీసభ బోధిస్తుంది. కానీ ఎందరినో పునీతులుగా ప్రకటించిన శ్రీసభ, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఇంతవరకు ఒక్కరి పేరు కూడా ప్రకటించలేదు. పరీక్ష తప్పి ప్రాణం తీసుకున్న బిడ్డల తల్లిదండ్రులకు ఇది మరీ అవసరం. ప్రాణం తీసుకున్నవారి రక్షణ గూర్చి నిరాశ పడరాదనీ, తనకే తెలిసిన మార్గాలలో దేవుడు వారికి పశ్చాత్తాపానికి అవకాశం ఇవ్వగలడనీ, శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుందనీ సత్యోపదేశం 2282, 2283 సంఖ్యలలో ఉంది. ఆ మాట ఇంకా వినని ఇళ్ళు ఉన్నాయి. తెలిసినవారు వెళ్ళి చెప్పాలి.

జ్ఞానస్నానం పొందని పసిబిడ్డలు

ఇక చివరి ప్రశ్న. దీన్ని తరతరాలుగా అడిగినవారు పండితులు కారు, తల్లులు. కాన్పులోనే పోయిన నా బిడ్డ ఎక్కడున్నాడు?

జ్ఞానస్నానం పొందకుండా చనిపోయిన శిశువులు నరకబాధ లేకుండా, అయితే దైవదర్శనం కూడా లేకుండా, ఒక అంచు లోకంలో ఉంటారని వేదాంత పండితులు చాలాకాలం చెబుతూ వచ్చారు. దాన్ని లింబో అన్నారు. అది విశ్వాస సత్యంగా ఎన్నడూ నిర్వచింపబడలేదు. అయినా పాఠాలలో చెప్పారు, ప్రసంగాలలో చెప్పారు. 1917 నాటి శ్రీసభ చట్టం ప్రకారం జ్ఞానస్నానం పొందనివారికి శ్రీసభ అంత్యక్రియలు లేవు. అలాంటి బిడ్డలను మంత్రించని నేలలో, గోడ పక్కన, ప్రార్థన లేకుండా పాతిపెట్టిన రోజులున్నాయి. దైవమర్జీ అనుకొని తల్లులు ఊరుకున్నారు. అయితే లోపల అడగడం మానలేదు. చిన్నబిడ్డలను తన దగ్గరకు రానివ్వమన్న ప్రభువు నా బిడ్డను గోడ అవతల ఆపుతాడా?

శ్రీసభ ఆ ప్రశ్నను విన్నది. 1983 చట్టం, జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకుంటుండగానే బిడ్డ చనిపోతే, మేత్రాణుల అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరపవచ్చునన్నది. 1992లో వెలువడిన సత్యోపదేశం 1261వ సంఖ్యలో లింబో మాటే లేదు. ఆ బిడ్డలను దేవుని కరుణకు అప్పగించి, వారికి రక్షణ మార్గం ఉందని నిరీక్షించమంటుంది. 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘం పోపుగారి అంగీకారంతో ఒక పత్రం ప్రచురించింది. ఆ శిశువులు రక్షింపబడి దైవదర్శనం పొందుతారని నిరీక్షించడానికి బలమైన కారణాలున్నాయని అందులో తేల్చారు. ఇది నిశ్చయమైన జ్ఞానం కాదు, నిరీక్షణ అని కూడా నిజాయితీగా వ్రాశారు. అలాగని బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించడంలో ఆలస్యం చేయవచ్చునని ఎవరూ అర్థం చేసుకోకూడదు.

ఇక్కడ ప్రశ్న చేసిన పని చూడండి. పండితుల ఊహ ఒకటి పక్కకు జరిగింది. బిడ్డలను పిలిచిన ప్రభువు మాట ఉన్నచోటే ఉంది.

మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే, ఎన్నేళ్ళు గడిచినా సరే, వచ్చే సమాధుల పండుగకు ముందు మీ విచారణ గురువులను కలవండి. ఆ రోజు పూజలో ఆ బిడ్డను కూడా తలచుకోమని అడగండి. పేరు పెట్టి ఉంటే పేరు చెప్పండి. పెట్టకపోతే, ఫలానా తల్లి బిడ్డ అని చెప్పండి.